ఊఁ కొట్టే విద్య

(మహాసభల్లో ‘కుటుంబం – ఆరోగ్యం’ చర్చావేదికపై చేసిన ప్రసంగ పాఠం)

పక్క హాల్లో సినిమావాళ్ళు, కింద హాల్లో చీరలు, నగల దుకాణాలు ఉన్నా ఈ గదిలోకి వచ్చారంటే మీ ధైర్యాన్ని మెచ్చుకోవాలి. దారి తప్పి వచ్చినవాళ్ళు కూడా మొహమాటపడకుండా కూర్చోవచ్చు.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం చాలా పెద్దది. దాంపత్యంలో, పిల్లల పెంపకంలో, వైద్యంలో మనసుకి తృప్తినిచ్చే సంబంధాలు ఎలా ఏర్పడతాయి? నేను డాక్టర్ని కాను, కౌన్సెలర్ని అంతకన్నా కాను. ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి సమాచారం సరిగ్గా చేరిందా లేదా అని చూసుకునే ఉద్యోగం నాది. అందుకని ఈ అంశం ఒప్పుకున్నాక, తెలిసినవాళ్ళు కనిపించినప్పుడల్లా ఒకటే ప్రశ్న అడిగాను: “మీ ఇంట్లో, మీ డాక్టర్ దగ్గర మిమ్మల్ని ఎక్కువగా బాధపెట్టే విషయం ఏమిటి?”

ఒక ఇల్లాలు అంది: “చెప్తే వినరండీ ఆయన.” హైస్కూల్ పిల్లాడి తండ్రి అన్నాడు: “మావాడు చెప్తే వినడండీ.” అదే పిల్లాణ్ణి విడిగా అడిగితే “దే నెవర్ లిజన్, అంకుల్” అన్నాడు. ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, “ఆ డాక్టరు నా మొహం చూళ్ళేదు నాయనా, కంప్యూటర్నే చూస్తూ కూర్చున్నాడు” అంది. మనలో ఒక డాక్టరుగారిని అడిగితే, “ఎంత చెప్పినా పేషెంట్లు వినరండీ, మందులు మధ్యలో మానేస్తారు” అన్నారు. అందరిదీ ఒకటే ఫిర్యాదు. చెప్పేవాళ్ళకు కొదవ లేదు, విన్నవాడు మాత్రం ఒక్కడూ దొరకలేదు.

ఒకే మాట, రెండు అర్థాలు

ఇక్కడ మన భాషలో ఒక తమాషా ఉంది. తెలుగులో ‘వినడం’ అంటే చెవితో వినడమూ, చెప్పినట్టు చెయ్యడమూ కూడా. ‘మాట వినే పిల్లాడు’ అంటే చెవులు బాగా పనిచేసే పిల్లాడని కాదు కదా! ‘వాడు పెళ్ళాం మాట వింటాడు’ అని ఊళ్ళో అనుకుంటే అది మెచ్చుకోలు కాదు. దాంతో మనలో చాలామందికి తెలియకుండానే ఒక భయం పట్టుకుంది. వింటే ఒప్పుకున్నట్టే, ఒప్పుకుంటే చెయ్యాల్సిందే, కాబట్టి అసలు వినకుండా ఉంటేనే క్షేమం అనే భయం. భార్య పుట్టింటి విషయం ఎత్తగానే భర్త చెయ్యి టీవీ రిమోట్ మీదికి పోవడానికి కారణం ప్రేమ లేకపోవడం కాదు, ఈ భయమే.

ఈ ముడి విప్పే మాట కూడా మన భాషలోనే ఉంది: ‘ఊఁ కొట్టడం’. మన అమ్మమ్మలు, నాయనమ్మలు రాత్రి మంచం మీద కథ మొదలుపెట్టేముందు ఒక షరతు పెట్టేవాళ్ళు, ఊఁ కొట్టాలని. ఊఁ ఆగిపోతే పిల్లాడు నిద్రపోయాడని కథ ఆపేసేవాళ్ళు. ‘రాజుగారు ఏడుగురు కొడుకుల్నీ వేటకి పంపాడు’ అంటే మనం ‘ఊఁ’ అన్నది రాజుగారు చేసింది మంచి పనే అని కాదు. ‘అక్కడిదాకా నాకందింది, తర్వాత చెప్పు’ అని. బుర్రకథలోనూ అంతే. కథకుడికి అటొకరు, ఇటొకరు వంతలు నిలబడతారు. వాళ్ళు మధ్యమధ్య అందుకోకపోతే ఎంత గొప్ప కథకుడైనా పదినిమిషాల్లో అలసిపోతాడు.

ఇంటర్నెట్ కూడా ఊఁ కొడుతుంది

ఈ గదిలో సగంమంది మా వృత్తివాళ్ళే కనుక ఒక్క రెండు నిమిషాలు మా గోల భరించండి. మీ ఫోన్లో ఇమెయిలు, బ్యాంకు లెక్కలు తప్పుల్లేకుండా చేరుతున్నాయంటే దాని వెనక ‘టి.సి.పి.’ అనే ఒప్పందం ఉంది. దాని మూలరూపాన్ని వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రచురించారు. 1983 జనవరి 1 నుంచి ఇంటర్నెట్‌కి ముందు రూపమైన అర్పానెట్ మొత్తం దాని మీదికి మారింది. వింట్ సెర్ఫ్‌కి చిన్నప్పటి నుంచీ వినికిడి లోపం, చెవికి యంత్రం పెట్టుకుంటారు. ఆయన భార్య సిగ్రిడ్ కూడా పసితనంలోనే వినికిడి కోల్పోయారు.

టి.సి.పి. చేసేది చాలా సులువైన పని. ఇటునుంచి ఒక ముక్క పంపుతుంది. అటునుంచి ‘అందింది’ అనే జవాబు రావాలి. రాకపోతే కొంచెం ఆగి అదే ముక్క మళ్ళీ పంపుతుంది. అప్పటికీ రాకపోతే రెట్టింపు సమయం ఆగి మళ్ళీ పంపుతుంది. ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది, ఇలా. చివరికి ఇక లాభం లేదని సంబంధం తెంచేసుకుంటుంది. ఇందులో మనకు పనికొచ్చే సంగతులు మూడున్నాయి.

మొదటిది: ‘అందింది’ అంటే ‘ఒప్పుకున్నాను’ అని కాదు. చేరింది, అంతే.

రెండోది: ఆ జవాబు ఉత్త ‘ఊఁ’ కాదు. ఎక్కడిదాకా అందిందో అంకెతో సహా చెప్తుంది. ఫోన్ చూసుకుంటూ మనం అనే ‘ఊఁ’లో ఈ అంకె ఉండదు. అందుకే “ఇప్పుడు నేనేం చెప్పాను?” అనగానే దొరికిపోతాం.

మూడోది: అవతల కంప్యూటర్ పనిలో మునిగి ఉంటే ‘ఇప్పుడు నా దగ్గర చోటు లేదు, ఆగు’ అని చెప్తుంది. చోటు దొరకగానే ‘ఇప్పుడు పంపు’ అంటుంది. అంటే ‘ఇప్పుడు కాదు’ అన్నదీ మంచి జవాబే. మౌనం ఒక్కటే జవాబు కాదు.

ఇంకో ఒప్పందం కూడా ఉంది, యు.డి.పి. అని. అది పంపి ఊరుకుంటుంది, చేరిందో లేదో పట్టించుకోదు. కొందరు తండ్రులు ఆ పద్ధతిలో ఉపన్యాసాలిస్తూ ఉంటారు. (నవ్వులు)

దాంపత్యం: సణుగుడు ఆగిపోయిన రోజు

ఇప్పుడు ఇంటికి వద్దాం. మనం ‘సణుగుడు’ అని పేరు పెట్టినదాన్ని నేను జవాబు రాని సందేశాన్ని మళ్ళీ పంపడం అంటాను. “గరాజ్ తలుపు బాగుచేయించండి” అని ఆవిడ ఐదోసారి అందంటే మొదటి నాలుగుసార్లూ ‘అందింది’ అన్న జవాబు రాలేదన్నమాట. “చూశాను, స్ప్రింగ్ పోయింది, శనివారం మనిషిని పిలుస్తాను” అంటే రెండోసారి అడగాల్సిన పని ఉండదు.

కానీ అడగడం ఆపేసిన ఇల్లు ప్రశాంతంగా ఉందని పొరపాటు పడకండి. ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది గుర్తుందా? మొదట రోజూ చెప్పేది, తర్వాత వారానికోసారి, తర్వాత పండక్కి. ఆ తర్వాత తన మాటలన్నీ అక్కచెల్లెళ్ళతోనో స్నేహితురాలితోనో చెప్పుకుంటుంది. భర్త “మా ఇంట్లో గొడవలే లేవండీ” అని గర్వంగా చెప్పుకుంటాడు.

ఈ దేశంలో మనవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. హెచ్-4 వీసా మీద వచ్చిన ఆడపిల్లని ఊహించుకోండి. అక్కడ ఇంజనీరింగో ఎం.సి.ఎ.నో చదివింది. 2015 నుంచి కొందరికి, అంటే భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటినవాళ్ళకి, పనిచేసే వీలు వచ్చింది. మిగతావాళ్ళకి లేదు. ఆయన పొద్దుటినుంచీ మీటింగుల్లో మాట్లాడి మాట్లాడి నోరు నొప్పెట్టి ఇంటికొస్తాడు. ఆవిడ పొద్దుటినుంచీ నోరు విప్పలేదు. ఆయనకి కావలసింది నిశ్శబ్దం, ఆవిడకి కావలసింది మనిషి గొంతు. ఎవరి తప్పూ లేదు. “నాకు ఒక్క అరగంట ఇవ్వు, టీ తాగుతూ అంతా వింటాను” అన్న ఒక్క మాట అక్కడ కావాలి. ఆ అరగంట తర్వాత నిజంగా రావాలి, అంతే.

రెండోవైపూ చెప్పాలి. భర్త భోజనం దగ్గర “ఆఫీసులో ఏవో మార్పులంటున్నారు” అంటాడు. మన మగవాళ్ళు భయాన్ని అంతకన్నా వివరంగా చెప్పలేరు. హెచ్-1బి మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండడానికి సాధారణంగా దొరికే గడువు 60 రోజులు. ఇంటి అప్పు, పిల్లల బడి, అన్నీ ఆ వాక్యంలో ఉన్నాయి. దానికి “మీకెప్పుడూ ఆఫీసు గోలే” అని జవాబొస్తే, ఆ మనిషి ఇంకోసారి నోరు విప్పడు. లే-ఆఫ్ అయిన సంగతి భార్యకి చెప్పలేక రోజూ పొద్దున్నే తయారై లైబ్రరీలో కూర్చుని వచ్చినవాళ్ళు మన మధ్యనే ఉన్నారు.

సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ గాట్‌మన్ అనే ఆచార్యుడు కొత్తగా పెళ్ళైన జంటల్ని ఒక అపార్ట్‌మెంట్ లాంటి ప్రయోగశాలలో ఉంచి, వాళ్ళు మామూలుగా మాట్లాడుకుంటుంటే చూశాడు. ఒకరు “అటు చూడు, పడవ ఎంత బాగుందో” అన్నప్పుడు రెండోవాళ్ళు అటు తిరిగారా లేదా అన్నది లెక్కపెట్టాడు. ఆరేళ్ళ తర్వాత చూస్తే, కలిసి ఉన్న జంటలు అలాంటి పిలుపులకి నూటికి 86 సార్లు పలికినవాళ్ళు. విడిపోయిన జంటలు 33 సార్లే పలికారు. పడవ ఎవరికి కావాలి చెప్పండి? ‘నువ్వు నన్ను పట్టించుకుంటున్నావా’ అన్నదే అందులో అసలు ప్రశ్న.

మన ఇంజనీర్ల రోగం ఇంకొకటి ఉంది. “ఏమండీ, అక్క ఫోన్ చేసింది. నాన్నకి మోకాళ్ళు మరీ ఎక్కువయ్యాయట” అని ఆవిడ అంటుంది. “ఆపరేషన్ చేయించమను, హైదరాబాదులో బోలెడు ఆసుపత్రులున్నాయి” అని మనం మూడు సెకన్లలో సమస్య పరిష్కరించేస్తాం. ఆవిడకి ఆసుపత్రుల సంగతి తెలియదా? ఆవిడ చెప్పింది మోకాళ్ళ గురించి కాదు. ఎనిమిది వేల మైళ్ళ దూరంలో తండ్రి మెట్లెక్కలేక కూర్చుంటే తను ఇక్కడ ఉందని. “మరీ ఎక్కువయ్యాయా? నీకు వెళ్ళి చూసి రావాలనుందా?” అని అడిగి చూడండి. టిక్కెట్టు కొనాలా వద్దా అన్నది తర్వాత ఇద్దరూ కలిసి తేల్చుకోవచ్చు.

పిల్లలు: మొహంలో జవాబు

ఎడ్వర్డ్ ట్రానిక్ అనే శాస్త్రవేత్త 1970ల్లో చేసిన ఒక ప్రయోగం ఉంది. కొన్ని నెలల బిడ్డతో తల్లి మామూలుగా ఆడుతుంది. తర్వాత రెండు నిమిషాల పాటు మొహంలో ఏ కదలికా లేకుండా బిడ్డ వైపు చూస్తూ ఉంటుంది. కొట్టలేదు, తిట్టలేదు, వదిలి వెళ్ళలేదు. ఆ బిడ్డ ముందు నవ్వుతుంది, వేలు చూపిస్తుంది, చేతులు చాపుతుంది. అమ్మ మొహంలో జవాబు లేకపోయేసరికి మొహం తిప్పేసుకుంటుంది, చివరికి ఏడుస్తుంది. సందేశాన్ని మళ్ళీ మళ్ళీ పంపడం మాటలు రాకముందే వస్తుందన్నమాట. ఇవాళ పార్కులో ఊయల ఊపుతూ రెండో చేత్తో ఫోన్ చూసే తల్లిదండ్రుల్ని చూస్తే నాకు ఆ ప్రయోగమే గుర్తొస్తుంది.

అయితే కంగారు పడకండి. అదే ట్రానిక్ ఇంకో సంగతి కూడా చెప్పాడు. మామూలు, ఆరోగ్యకరమైన తల్లీబిడ్డల మధ్య కూడా శ్రుతి కలిసేది సుమారు 30 శాతం సమయమే. మిగతాది తప్పిపోవడం, మళ్ళీ కలుపుకోవడం. ఈ కలుపుకోవడంలోనే బిడ్డకి నమ్మకం పెరుగుతుంది. నూటికి నూరు మార్కులు మన ఇళ్ళలో తప్ప ఈ ప్రకృతిలో ఎక్కడా అవసరం లేదు.

పిల్లలు పెద్దయ్యాక చూద్దాం. బడి నుంచి వచ్చి కారెక్కిన పిల్లని మనం అడిగే మొదటి ప్రశ్న “టెస్ట్‌లో ఎంతొచ్చింది?” రెండోది “క్లాసులో అందరికన్నా ఎక్కువ ఎవరికొచ్చింది?” ఆ పిల్ల “ఐ హేట్ మ్యాథ్” అంటే మన ఉపన్యాసం మొదలు: “మేం వీధిదీపం కింద చదువుకున్నాం, మూడు మైళ్ళు నడిచాం, మీకిన్ని సౌకర్యాలుండి...” ఆ రోజు క్లాసులో టీచరు ఏమందో, పక్కపిల్ల ఏమని నవ్విందో మనకి ఎప్పటికీ తెలియదు. “ఇవాళ లెక్కల క్లాసులో ఏమైంది?” అంటే బహుశా తెలిసేది.

‘అలా ఊఁ కొడుతూ పోతే పిల్లలు నెత్తినెక్కరా?’ అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. బర్కిలీలో డయానా బాంరిండ్ అనే పరిశోధకురాలు 1960ల్లోనే పెంపకాన్ని మూడు రకాలుగా విడదీసింది. హద్దులు మాత్రమే ఉండే పద్ధతి, హద్దులే లేని పద్ధతి, హద్దులూ ఉండి పిల్లల మాటకి చెవీ ఉండే పద్ధతి. ఆమె చూసిన కుటుంబాల్లో మూడో పద్ధతిలో పెరిగిన పిల్లలే నిలకడగా, స్వతంత్రంగా ఉన్నారు. “ప్రామ్‌కి వెళ్ళాలని నీకెంత ఆశగా ఉందో అర్థమైంది. వెళ్ళు. కానీ రాత్రి 11కి నేనే వచ్చి తీసుకొస్తాను” అనడంలో ఊఁ ఉంది, హద్దూ ఉంది. వినడమంటే లొంగిపోవడం కాదని పిల్లలకి తెలిసేది ఇలాంటప్పుడే.

ఈ అలవాటు వాళ్ళకి పద్దెనిమిది ఏళ్ళు నిండేలోపే చేసుకోవాలి. దానికి ఈ దేశంలో గట్టి కారణం ఉంది. 1996లో వచ్చిన హిపా చట్టం ప్రకారం పద్దెనిమిది నిండిన బిడ్డ వైద్య వివరాలు ఆ బిడ్డవే. కాలేజీలో జ్వరంతోనో దిగులుతోనో ఆసుపత్రిలో చేరితే, ఫీజు కట్టే తండ్రైనా సరే, మామూలుగా ఆ బిడ్డ అనుమతి లేకుండా వివరాలు అడిగి తెలుసుకునే హక్కు లేదు. మార్కుల సంగతీ అంతే, దానికి 1974 నాటి ఫెర్పా చట్టం ఉంది. కాలేజీకి పంపేముందు వైద్య వివరాలు మీతో పంచుకోవచ్చన్న అనుమతిపత్రం, తను మాట్లాడలేని స్థితిలో తన తరఫున ఎవరు నిర్ణయం తీసుకోవాలో చెప్పే హెల్త్‌కేర్ ప్రాక్సీ పత్రం, ఈ రెండింటి మీదా సంతకం చేయమని అడగండి. దిండ్లు, దుప్పట్లు, ఆవకాయ సీసాతో పాటు ఆ కాగితాలు కూడా సర్దాల్సినవే. కానీ గుర్తుంచుకోండి, సంతకం పెట్టాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టం. పదేళ్ళుగా తన మాటకి మనం ఎలా పలికామన్నదాన్ని బట్టే ఆ సంతకం వస్తుంది.

వైద్యం: నొప్పికి ఎన్ని పేర్లు

ఇక మూడోది. 1984లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు 74 వైద్య సంభాషణల్ని పరిశీలించారు. పేషెంటు తన బాధ చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లలో డాక్టరు అడ్డుపడ్డాడు. 1999లో ఇలాంటిదే ఇంకో పరిశీలన జరిగింది, అప్పుడు 23 సెకన్లు. అందులో ఒక విశేషం ఉంది. అడ్డుపడకుండా చెప్పనిచ్చిన పేషెంట్లు తీసుకున్న అదనపు సమయం సగటున 6 సెకన్లు! స్విట్జర్లాండులో 2002లో ప్రచురించిన పరిశీలనలో, ఆపకుండా వింటే నూటికి 78 మంది పేషెంట్లు రెండు నిమిషాల్లోపే చెప్పడం ముగించారు. ‘వింటూ కూర్చుంటే రోజంతా చెప్తారు’ అన్నది అపోహ అన్నమాట. ఇంట్లో కూడా ఈ లెక్క గుర్తుంచుకోండి.

1997లో ఇంకో పరిశోధన వచ్చింది. పేషెంట్లు కోర్టుకీడ్చిన ఫ్యామిలీ డాక్టర్లకీ, అలాంటి దావాలు లేనివాళ్ళకీ తేడా ఏమిటని చూశారు. దావాలు లేని డాక్టర్లు పేషెంటుతో గడిపింది సగటున 18.3 నిమిషాలు, ఉన్నవాళ్ళు 15. మూడు నిమిషాలే తేడా. ఆ డాక్టర్లు ‘ముందు ఇది చూస్తాను, తర్వాత మీరు అడగొచ్చు’ అని చెప్పేవారు, నవ్వించేవారు, ‘మీరేమనుకుంటున్నారు’ అని అడిగేవారు.

డాక్టర్ల సంగతి అలా ఉంచి, మన సంగతి చూద్దాం. అమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాం. డాక్టరు అమ్మని అడుగుతుంది, కొడుకు జవాబు చెప్తాడు. అమ్మ తెలుగులో రెండు నిమిషాలు చెప్తే, కొడుకు ఇంగ్లీషులో “షి హాజ్ పెయిన్” అని రెండు సెకన్లలో ముగిస్తాడు. మన భాషలో నొప్పికి ఎన్ని పేర్లో ఒక్కసారి లెక్కపెట్టండి. పోటు, మంట, సలుపు, తీపు, గుంజడం, లాగడం, పీకడం, పట్టేయడం, తిమ్మిరి. గుండెల్లో మంట వేరు, బరువు వేరు, దడ వేరు. డాక్టరుకి వీటిలో తేడాయే రోగనిర్ణయం. అవన్నీ కలిపి ఒక్క ‘పెయిన్’ చేస్తే సగం సమాచారం దారిలోనే పోయినట్టు.

పోయే సమాచారం ఇంకా ఉంది. అసలు బయలుదేరనిది. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఎలా ఉందని ఎప్పుడడిగినా “గ్యాస్‌రా, ఏం లేదు” అనేది. ఒకరోజు బీపీ మందుల కోసమని క్లినిక్‌కి వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ నన్ను పక్కన కూర్చోమని చెప్పి, ఫోన్‌లో తెలుగు దుబాసీని పిలిచింది. ఎవరో తెలుగావిడ అటునుంచి “చెప్పండమ్మా” అంది. అమ్మ మొదలుపెట్టింది. మెట్లెక్కితే గుండెల మీద రాయి పెట్టినట్టు ఉంటోందని, ఆగితే తగ్గుతోందని, ఎడమ దవడ లాగుతోందని, రెండు నెలలుగా ఇలాగే ఉందని. డాక్టరమ్మ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. చివర్లో తను విన్నదంతా తిరిగి చెప్పి, “నేను సరిగ్గా అర్థం చేసుకున్నానా?” అని అడిగించింది. ఆ వారంలోనే పరీక్షలు జరిగాయి, ఒక రక్తనాళం బాగా మూసుకుపోయిందని తేలింది, స్టెంట్ వేశారు. ఇంటికొచ్చాక “మాకెందుకు చెప్పలేదమ్మా?” అంటే, “ఇక్కడ ఆసుపత్రంటే వేల డాలర్లట కదరా. పైగా మీరిద్దరూ ఉద్యోగాలు మానుకుని తిరుగుతారని” అంది. కాసేపాగి, “ఆవిడెవరో గాని నేను చెప్పిందంతా విన్నది నాన్నా” అంది.

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. దక్షిణాసియా మూలాలు గుండెజబ్బు ప్రమాదాన్ని పెంచే అంశమని 2018లో అమెరికన్ హృద్రోగ సంఘాలు తమ కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లోనే రాశాయి. పైగా మన పెద్దలకి తీసుకునే విజిటర్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి పాత జబ్బుల మీద పరిమితులుంటాయి. ఆ సంగతి వాళ్ళకి తెలుసు. అందుకే దాచుకుంటారు.

కాబట్టి చెయ్యగలిగిన పనులు కొన్ని చెప్తాను. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు, క్లినిక్‌లు ఇంగ్లీషు రానివాళ్ళకి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చెయ్యాలి. 1964 పౌరహక్కుల చట్టం, 2010 ఆరోగ్య చట్టంలోని 1557వ సెక్షన్ దీనికి ఆధారం. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ‘తెలుగు’ అని అడగండి. హిందీ అందరికీ వచ్చనుకోకుండా స్పష్టంగా చెప్పండి. అత్యవసరమైతే తప్ప చిన్నపిల్లల చేత అనువాదం చేయించకూడదన్నది కూడా ఆ సెక్షన్ కింది నిబంధనే. నాయనమ్మ గర్భసంచి సంగతి పన్నెండేళ్ళ మనవడు చెప్పాల్సిన ఖర్మ ఎవరికీ వద్దు.

వెళ్ళేముందు కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి. అన్నిటికన్నా భయపెట్టేదాన్ని మొదట చెప్పండి. ‘ఇంకో మాట డాక్టరుగారూ’ అని తలుపు దగ్గర చెప్పేదే తరచు అసలు మాట అవుతుంది. బయటికి వచ్చేముందు “మీరు చెప్పింది నేను నా మాటల్లో చెప్తాను, సరిగ్గా ఉందో లేదో చూడండి” అనండి. డాక్టర్లు చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం వెంటనే మరిచిపోతామని పరిశోధకులు అంటున్నారు. 2021 ఏప్రిల్ నుంచి మీ డాక్టరు రాసుకున్న నోట్స్ మీరు పోర్టల్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. అందులో మీరు చెప్పింది చేరిందో లేదో చూసుకోండి. అది కూడా ఒక రకం ఊఁ.

ఊఁ సరిపోని చోటు

ఒక హెచ్చరిక చెప్పకుండా దిగకూడదు. చెయ్యి చేసుకునే ఇంట్లో, పాస్‌పోర్టు దాచేసే ఇంట్లో, వీసా పేరు చెప్పి బెదిరించే ఇంట్లో నేను చెప్పిన ఈ సూత్రాలేవీ పనిచెయ్యవు. అక్కడ ఆడపిల్లకి ‘ఇంకాస్త ఓపిగ్గా విను తల్లీ’ అని చెప్పడం అన్యాయం. ఆ పిల్లకి కావలసింది రక్షణ. న్యూజెర్సీలో 1985లో మొదలైన ‘మానవి’ లాంటి దక్షిణాసియా మహిళల సంస్థలు అందుకే పుట్టాయి. మీ దగ్గరికి ఎవరైనా వచ్చి చెప్పుకుంటే ‘సర్దుకుపో’ అనకండి. ముందు నమ్మండి. ఆ తర్వాత అలాంటి సంస్థకి ఫోన్ చేస్తుంటే పక్కన కూర్చోండి.

చివరిగా

హార్వర్డ్‌లో 1938లో మొదలైన ఒక అధ్యయనం ఇంకా నడుస్తోంది. 724 మంది మగవాళ్ళని జీవితాంతం గమనించారు, తర్వాత వాళ్ళ భార్యల్ని, పిల్లల్ని కూడా చేర్చుకున్నారు. దాన్ని నడిపిస్తున్న రాబర్ట్ వాల్డింగర్ 2015లో చేసిన ఒక ప్రసంగంలో సారం చెప్పారు. యాభై ఏళ్ళ వయసులో తమ సంబంధాలతో ఎంత తృప్తిగా ఉన్నారన్నది, ఎనభై ఏళ్ళకి ఎంత ఆరోగ్యంగా ఉంటారో కొలెస్ట్రాల్ కన్నా బాగా చెప్పిందట. ఇంకో మాట కూడా అన్నారు. ముసలితనంలో రోజూ కీచులాడుకునే జంటల జ్ఞాపకశక్తికీ ఆ గొడవల వల్ల దెబ్బ తగల్లేదు, కష్టమొస్తే రెండోవాళ్ళు ఉన్నారన్న నమ్మకం ఉంటే చాలు. గొడవలు లేకపోవడం కాదు, పలికే మనిషి ఉండడం ముఖ్యం.

మహాసభలు అయ్యాక విమానాశ్రయంలో గంటలు గంటలు కూర్చుంటాం కదా. ఆ సమయంలో ఫోన్లు జేబులో పెట్టి ఒకరినొకరు ఒక్క ప్రశ్న అడగండి: “ఈమధ్య నువ్వు నాకు చెప్పాలనుకుని మానేసింది ఏదైనా ఉందా?” జవాబు వస్తే రెండు నిమిషాలు అడ్డుపడకండి. పరిష్కారం చెప్పకండి. విన్నది తిరిగి చెప్పి, సరిగ్గా అందిందా అని అడగండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు పక్కనే ఉంటే, “బాగానే ఉన్నాంరా” అన్న జవాబుతో సరిపెట్టుకోకుండా మోకాళ్ళు, నిద్ర, ఆయాసం, ఒక్కొక్కటే విడివిడిగా అడగండి. పెద్దవాళ్ళకి నా విన్నపం: ఖర్చు గురించి పిల్లలు ఆలోచిస్తారు. నొప్పి మాత్రం మీరే చెప్పాలి, ఇంకెవరూ చెప్పలేరు.

భోజనాల గంట కొట్టినా కదలకుండా ఇంతసేపు ఊఁ కొట్టారు. నాకు అందింది.